పప్పు తింటే చీము పడుతుందా?

మన ఇళ్లల్లో ఎవరి ఒంటి మీద కత్తి పడ్డా ముందు ఆగేది పప్పు. తర్వాత గుడ్డు, వంకాయ, గోంగూర, మాంసం. ఆఖరికి మంచినీళ్లు కూడా గ్లాసు లెక్కనే ఇస్తారు. కాన్పు కుట్లకైనా, గర్భసంచి తీయించుకున్నా, పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నా వద్దనేవి ఇవే. "పప్పు తింటే చీము పడతది" అని మనకు అమ్మ చెప్పింది, అమ్మకు వాళ్లమ్మ చెప్పింది. మీలో చాలామంది ఎల్లిపాయ కారం, నెయ్యి కలిపిన అన్నంతో నెల గడిపినవాళ్లే కాబట్టి విడమరచి చెప్పక్కర్లేదు.

ఈసారి ఆ పథ్యం ముచ్చటే, కాని బాలింతది కాదు. లింగమార్పిడి ఆపరేషన్ చేయించుకున్న మా మేనకోడలిది. కుట్టు విచ్చుకుని, ఆ పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ మా ఇంట్లోనే ఉంది. (రాయమన్నది తనే. పేరు మాత్రం వద్దంది.) ఆ ఆపరేషన్ మంచిదా చెడ్డదా అని పంచాయితీ పెట్టడానికి నేను కూర్చోలేదు. ఆ పిల్ల తన బతుకు గురించి పదిహేనేళ్లు ఆలోచించుకుని చేసుకున్న పని అది. నేననేది ఒకటే. అట్లాంటి బిడ్డ పుండుతో ఇంటికి వస్తే బాలింతను చూసినట్టు చూడాలి, కాని బాలింతకు పెట్టే పథ్యం మాత్రం పెట్టకూడదు. కొంచెం తిరకాసుగా ఉంది కదా, చెప్తాను.

మా ఆడబిడ్డది ఆదిలాబాద్. ఆమె పెద్దబిడ్డను కొడుకనుకునే అందరం ఎత్తుకు పెంచాం. పన్నెండు పదమూడేళ్ల నుంచే ఆ పిల్ల లోపల ఏదో నలుగుతున్నదని కనబడుతూనే ఉండేది, దాన్ని ఏమనాలో మాకెవరికీ తెలియలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం, మానసిక వైద్యుల దగ్గర కాగితాలు, హార్మోన్ మందులు, దాచుకున్న డబ్బు, స్నేహితుల దగ్గర అప్పు, ఇవన్నీ అయ్యాక 27వ ఏట హైదరాబాద్‌లోనే ఆపరేషన్ అయింది. వాళ్ల నాన్న గడప తొక్కొద్దన్నాడు. హాస్టల్ గదిలో ఒక్కతే ఉండే స్థితి కాదు. మా ఆయన "మనింటికే తీసుకొస్త" అని కారు మాట్లాడుకుని పోయి, వెనక సీట్లో దిండ్లు పరిచి, 160 కిలోమీటర్లు మెల్లగా తీసుకొచ్చారు.

పన్నెండో రోజు కింది వైపు, కుట్ల గీతలు వచ్చి కలిసే చోట, చర్మం విచ్చుకుంది. మొదట గోరంతే ఉంది. రెండు రోజులకు బొటనవేలి కొస పట్టేంత అయింది. పిల్ల వణికిపోయింది. ఫొటో తీసి సర్జన్ మేడమ్‌కు పంపితే "రేపు తీసుకురండి, కంగారు పడకండి" అన్నారు. వెళ్లాం. ఆమె చెప్పినవన్నీ ఇంటికొచ్చి పాలలెక్క రాసే పుస్తకం వెనక పేజీల్లో రాసి పెట్టుకున్నాను. సిజేరియన్ కుట్టు విచ్చుకున్నా సంగతి ఇంచుమించు ఇదే కాబట్టి మీకూ పనికొస్తాయి.

ఈ ఆపరేషన్‌లో ఆ చోట కుట్టు కొంచెం విచ్చుకోవడం అరుదేమీ కాదట. మడతలు పడే చోటు, తడి ఉండే చోటు, కూర్చుంటే లాగే చోటు. అక్కడి చర్మానికి రక్తం కూడా అంచుల నుంచే అందాలి. విచ్చుకున్నాక మళ్లీ కుట్లు వేయరు, వేసినా నిలవవు, లోపల చీము బందీ అవుతుంది. దాన్ని అడుగు నుంచి పైకి తనంతట తాను పూడనివ్వాలి. బావి పూడ్చినట్టు అనుకోండి. ముందు అడుగున ఎర్రగా, గింజలు గింజలుగా కొత్త కండ పుడుతుంది. అది నిండుతూ వచ్చి చర్మం మట్టానికి వచ్చాక, అంచుల నుంచి పలుచటి తోలు పాకుతుంది. అందుకే పైన మూతపడినట్టు కనబడి లోపల ఖాళీగా ఉంటే అది మానడం కాదు. నెల పట్టొచ్చు, మూడు నెలలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు.

పుండు మీద పసుపురంగు పొర చూసి నేను చీమనే అనుకున్నాను. పచ్చి పుండు మీద అట్లాంటి పలుచటి పొర రావడం మామూలేనట, దాన్ని గోకి తీయకూడదట. మరి చీమును ఎట్లా గుర్తుపట్టాలి అని అడిగితే చెప్పారు: జ్వరం రావడం, కుళ్లు వాసన, చుట్టూ ఎర్రదనం రోజురోజుకూ పాకడం, నొప్పి తగ్గాల్సింది పెరగడం. ఇవి ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. గంటలో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం పోయినా, మూత్రమో మలమో రావలసిన దారి కాకుండా వేరే చోటు నుంచి వచ్చినా, పిక్క వాచి నొస్తున్నా, ఊపిరి అందకున్నా అప్పటికప్పుడే ఆసుపత్రికి పోవాలి. మిగతావాటికి ఓపిక పట్టాలి.

ఇంకో కష్టం ఉంది. ఈ ఆపరేషన్ అయినవాళ్లు లోపలి దారి మూసుకుపోకుండా డైలేటర్ అనే సాధనంతో రోజుకు కొన్నిసార్లు, నెలల తరబడి సాగదీసుకుంటూ ఉండాలి. పక్కనే పచ్చిపుండు. మా పిల్ల తువ్వాలు పళ్ల మధ్య పెట్టుకుని చేసుకునేది. నొప్పికి భయపడి తనంతట తాను మానేస్తే దారి ఇరుకైపోతుంది, మళ్లీ రాదు. ఎన్నిసార్లు చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది సర్జన్‌నే అడగాలి. తలుపు అవతల నిలబడి "అయిపోయిందా బిడ్డా" అని అడగడం తప్ప నేను చేసేదేం లేదు. వేడి చాయ్ పెట్టి ఉంచేదాన్ని.

ఇక పథ్యం. మా అత్తగారికి 76 ఏళ్లు. పిల్లకు అమ్మమ్మ. ఈ ఆపరేషన్ ఏంటో ఆమెకు సగమే అర్థమైంది, కాని కుట్లు అన్న మాట పూర్తిగా అర్థమైంది. ఇంక వంటింట్లోకి దిగింది. "పప్పు బందు. గుడ్డు బందు. నీళ్లు ఎక్కువ తాగనియ్యకు, కుట్లల్ల నీరు పడతది." ఒక పక్క మనవరాలి ముఖం చూసి మాట్లాడదు, ఇంకో పక్క ఆమె కంచంలో ఏముందో మాత్రం వంగి చూసి పోతుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

సర్జన్ చెప్పింది దీనికి పూర్తిగా తిరుగుడు. పుండు పూడాలంటే కండ పుట్టాలి, కండకు మాంసకృత్తులు కావాలి. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు ముప్పావు గ్రాము పైచిలుకు చాలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల లెక్క 0.83 గ్రాములు. పెద్ద పుండు ఉన్నవాళ్లకు అది 1.25 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలట. మా పిల్ల 56 కిలోలు. అంటే రోజుకు 70 నుంచి 84 గ్రాములు. ఎల్లిపాయ కారం అన్నంలో ఏముంటుంది చెప్పండి? ఒక గుడ్డులో 6 గ్రాములు, గిన్నెడు చిక్కటి పప్పులో 7, గుప్పెడు పల్లీల్లో 7, పావులీటరు పాలలో 8, వంద గ్రాముల చేపలో 18 దాకా. కూడుకుంటూ పోతే గాని అంకె రాదు. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9 ఉంది. షుగర్ లేదు, అదొక్కటి నయం. ఉంటే ముందు దాన్ని అదుపులోకి తేవాలి, లేకపోతే పుండు కదలదు.

పప్పు తింటే చీము అన్న మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు. ముద్దపప్పు రంగూ చీము రంగూ ఒకటే కావడం వల్ల పుట్టిందేమో అని నా అనుమానం. చీము పట్టేది సూక్ష్మక్రిములతో, మురికి చేతులతో, తడిగుడ్డతో. నాకు మా పెద్దోడు పుట్టినప్పుడు నెలా పది రోజులు కుట్టు కారింది. ఆ నెలంతా పప్పు చూడలేదు నేను. మరి ఆ చీము ఎక్కడిది?

ఈ మాటే మా అత్తగారితో అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దుగాల వంటింట్లోకి వచ్చి, "పెసరపప్పు చలువ. అది పెట్టు. కందిపప్పు మాత్రం వద్దు" అంది. సరే, అదే పదివేలనుకున్నాను. వారం పెసరపప్పు నడిచింది. తర్వాత గుడ్డు, "ఉడకబెట్టింది, పొరటు కాదు" అన్న షరతు మీద. మానేరు చేపకు మాత్రం నెల పట్టింది. ఉసిరికాయ, జామకాయ, ఆకుకూరలు, జొన్నరొట్టె వీటికి ఆమె ఏనాడూ అడ్డు చెప్పలేదు. నీళ్లు నేనే దొంగతనంగా సీసాలో పోసి గదిలో పెట్టేదాన్ని. నీళ్లు తక్కువైతే మలబద్ధకం, ముక్కితే కుట్టు ఇంకా విచ్చుకోవడం, ఈ లెక్క మీకు తెలియనిది కాదు.

పుండు మీద ఏం పెట్టాలన్నదాంట్లోనూ ఇదే గొడవ. పక్కింటి ఆమె పసుపు అంది, ఇంకొకామె గడ్డిచామంతి ఆకు పసరు అంది. చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే మనమందరం అది పిండుకున్నవాళ్లమే. కాని గీరుకుపోయిన మోకాలు వేరు, లోతు పుండు వేరు. సెలైన్‌తోనో కాచి చల్లార్చిన నీళ్లతోనో కడగడం, మెత్తగా అద్ది ఆరనివ్వడం, చెప్పిన గాజుగుడ్డ పెట్టడం, ఇంతే. మూడో నెలలో పుండు అంచున ఎర్రటి పచ్చి కండ పైకి లేచింది, ముట్టుకుంటే రక్తం. సిల్వర్ నైట్రేట్ పుల్లతో దాన్ని కాల్చారు. చుర్రుమంటుంది గాని, ఆ తర్వాతే అంచు కదిలి దగ్గరకు రావడం మొదలైంది.

సిగరెట్ సంగతి కూడా చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు మానేసిన పిల్ల, కుట్టు విచ్చుకున్న దిగులుకు మళ్లీ మేడ మీద రెండు కాల్చింది. వాసన నాకు తెలియదా? పొగాకులో ఉండే నికోటిన్ సన్న రక్తనాళాలను ముడుచుకుపోయేట్టు చేస్తుంది, పుండుకు అందాల్సిన రక్తం అందదు. బీడీ అయినా, గుట్కా అయినా, తంబాకు అయినా అదే. బీడీలు చుట్టి బతికే ఇళ్లు ఇన్ని ఉన్న జిల్లాలు మనవి, ఈ మాట చెప్పడం కష్టం, అయినా చెప్పాలి. తిట్టలేదు నేను. "బిడ్డా, నువ్వు అది కాల్చినరోజు నేను పెట్టిన గుడ్డు దండగ" అన్నాను. తిట్టు కంటే అదే పనిచేసింది.

"దేవుడిచ్చిన ఒళ్లు కోసుకుంటే గట్లనే అయితది, అందుకే మానుతలేదు." ఈ మాట మా వాకిట్లో నలుగురు అన్నారు. ఒకరు నా ఎదుటే అన్నారు. దీనికి నా జవాబు కొంచెం పొడుగు.

2019 నుంచి 2021 దాకా దేశమంతటా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కోత కాన్పులే. దేశంలో మొదటి స్థానం. అందులోనూ మన కరీంనగర్ బాగా పైన ఉన్న జిల్లా. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లోనూ ఆంధ్ర, తెలంగాణ ముందు వరసలోనే ఉన్నాయి. ఈ బ్లాగు చదివే మీలో పొట్ట మీద గీత లేనివాళ్లు ఎంతమంది? ముహూర్తం చూసి మరీ కోయించుకున్న కాన్పులు నాకే పది తెలుసు. ముప్పై అయిదేళ్లకే "ఇంక పిల్లలు అక్కర్లేదు కదా" అని గర్భసంచి తీసేయించుకున్నవాళ్లున్నారు. వాళ్ల కుట్టు కారితే "దేవుడిచ్చిన ఒళ్లు" అన్న మాట ఎవరి నోటా రాలేదు. హార్లిక్స్ సీసా పట్టుకుని చూడడానికి పోయాం. కుట్టుకు మనిషి ఎవరో తెలియదు. రక్తం తక్కువైతే కారుతుంది, షుగర్ ఉంటే కారుతుంది, పొగ తాగితే కారుతుంది.

ఇంకొకరు పక్కకు పిలిచి "పాపం, ఇప్పుడు బాధపడుతున్నదా, ఎందుకు చేయించుకున్ననా అని?" అని గుసగుసగా అడిగారు. నేను పిల్లనే అడిగాను. "నొస్తుంది అత్తా. గంతే" అంది. నాకు కాన్పు కుట్లు కారినప్పుడు, పిల్లాడిని ఎందుకు కన్నావని ఎవరూ అడగలేదు మరి.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని, ఒక ముచ్చట చెప్పనివ్వండి. మన భాషలో మానడం అంటే నయం కావడం, మానడం అంటే ఆపేయడం కూడా. పుండు మానింది, బడి మానింది. మా పిల్ల విషయంలో చాలామంది మొదటిది జరగాలని కాక రెండోది జరగాలని చూశారు. ఆడదానిలా ఉండడం మానితే పుండు మానుతుందన్నట్టు.

ఈ పుండ్లను దాచుకోవలసి రావడం ఇవాళ్టిది కాదు. నిజాం కాలంలో, 1329 ఫసలీలో అంటే 1919లో వచ్చిన చట్టం ఒకటి మొన్నమొన్నటిదాకా మన తెలంగాణలో ఉంది. ఆడబట్టలో నలుగురిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు, పేర్లు రాసి పెట్టుకోవచ్చు, ఆ కోత ఎవరు చేసినా, సాయపడినా శిక్ష. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. వైజయంతి వసంత మొగ్లి వేసిన కేసు అది. ఊహించండి, వందేళ్ల పాటు కుట్టు కారుతున్న మనిషి డాక్టరు దగ్గరికి పోతే ముందు దొంగలా నిలబడాలి. అందుకే చాలామంది పోలేదు.

డాక్టరు లేకున్నా వాళ్లలో వాళ్లకు ఒక పద్ధతి ఉండేది. హిజ్రాల జీవితం మీద 1990లో పుస్తకం రాసిన సెరీనా నందా, ఆ కోత అయినవాళ్లను 40 రోజులు వేరుగా ఉంచి కాన్పయిన ఆడమనిషిని చూసినట్టు చూస్తారని రాసింది. గడువు తీరాక పసుపు పూసి, పెళ్లికూతురిలా ముస్తాబు చేస్తారు. ఆ సంగతి తెలిసినప్పుడు నేను చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. బాలింత అన్న ఆలోచన నాకు కొత్తగా తట్టిందనుకున్నాను, వాళ్లు ఎప్పుడో కనిపెట్టి పెట్టుకున్నారు. అయితే కత్తీ సూదీ శుభ్రం లేని ఆ పనిలో ఎంతమంది ఆ 40 రోజులూ దాటలేదో లెక్కెవరు రాశారు? ఎప్పటి మాటో అనుకోవద్దు. 2022 ఫిబ్రవరిలో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో ఇద్దరు ఫార్మసీ విద్యార్థులు వీడియోలు చూసి ఈ ఆపరేషన్ చేయబోతే ఒక మనిషి రక్తం పోయి చచ్చిపోయాడు. పెద్దాసుపత్రికి పోయే ధైర్యమూ డబ్బూ ఉంటే లాడ్జికి ఎందుకు పోతారు?

శ్రీరామనవమి నాడు వేములవాడ చూసే ఉంటారు. రాజన్న గుడిలో జరిగే సీతారాముల కల్యాణానికి శివసత్తులు, జోగినులు, హిజ్రాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, తలంబ్రాలు పోసుకుని శివుణ్ణి పెళ్లాడతారు. మనం పక్కన నిలబడి దండం పెట్టుకుంటాం, వాళ్ల చేతి అక్షింతలు నెత్తిన వేయించుకుంటాం. ఆ దండం గుడి మెట్ల దగ్గరే ఆగిపోతుంది. అదే మనిషి మర్నాడు జ్వరంతో ఆసుపత్రి వరుసలో నిలబడితే పక్కకు జరిగి నిలబడతాం.

మా పిల్లకు కరీంనగర్‌లో డ్రెస్సింగ్ చేయించడానికి ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. పేరు రాయను. ఏ వార్డులో కూర్చోబెట్టాలన్న దాని మీద అరగంట గడిచింది. ఆ తర్వాత డ్రెస్సింగ్ గదిలోకి పనిలేనివాళ్లు నలుగురు వచ్చి చూసిపోయారు. పిల్ల గోడ వైపు ముఖం తిప్పుకుని పడుకుంది. నేను కొంగుతో అడ్డం పట్టి, "మీ కాన్పప్పుడు గిట్లనే జనం వచ్చి చూసిన్రా అమ్మా?" అని గట్టిగానే అన్నాను. నర్సమ్మ ఒక్కామె తలుపేసింది. రెండో ఆసుపత్రిలో ఒక పెద్ద నర్సు ఏమీ అడగకుండా చేతులు కడుక్కుని పని చూసి, "లోతు తగ్గింది బిడ్డా, పోయిన వారం కంటె" అంది. ఆ ఒక్క మాటకు పిల్ల ఆరోజు రెండు రొట్టెలు ఎక్కువ తింది. ఆ నర్సుకు ఈ ఆపరేషన్ గురించి ప్రత్యేకంగా ఏమీ తెలియదు. పుండు గురించి తెలుసు. అది చాలు.

అందుకే నేనడిగేది పెద్ద కోరిక కాదు. ఆపరేషన్లు ప్రతి జిల్లాలో చేయమనడం లేదు, అది పెద్ద చదువు. కాని తర్వాతి డ్రెస్సింగు జిల్లాలో ఎందుకు జరగదు? పచ్చిపుండు మీద కూర్చుని బస్సులో నాలుగు గంటలు హైదరాబాద్ పోవడం, అరగంట చూపించుకుని నాలుగు గంటలు రావడం, ఆ ప్రయాణమే పుండును మళ్లీ లాగుతుంది. ఆదిలాబాద్ నుంచైతే 300 కిలోమీటర్లు. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 15వ సెక్షన్‌లో ఈ ఆపరేషన్‌కు వైద్య సదుపాయం, ముందూ తర్వాతా కౌన్సెలింగ్, ఖర్చుకు బీమా, డాక్టర్ల చదువులో ఈ పాఠం అన్నీ రాసి ఉన్నాయి. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల బీమా అని ఒప్పందం కూడా అయింది. హైదరాబాద్‌లో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసమే పెట్టిన మిత్ర్ క్లినిక్, అమెరికా నిధులు ఆగడంతో 2025 మొదట్లో మూతపడింది. తర్వాత వేరే నిధులతో, వేరే పేరుతో మళ్లీ తెరిచారు. మంచిదే. కాని పుండు కారుతున్నవాళ్లు నిధులు వచ్చేదాకా ఆగలేరు కదా. జిల్లా ఆసుపత్రిలో ఒక గది, తలుపు, ఇద్దరు నర్సులకు రెండు రోజుల శిక్షణ చాలు.

మన వైపు మనుషులు లేకనా? డాక్టర్ ప్రాచీ రాథోడ్ ఎంబీబీఎస్ చదివింది మన ఆదిలాబాద్ రిమ్స్‌లోనే. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేశాక, ట్రాన్స్‌జెండర్ అని తెలిసి రోగులు రారేమోనని ఉద్యోగం తీసేశారని ఆమే చెప్పింది. 2022 నవంబరులో ఆమె, డాక్టర్ రూత్ జాన్ పాల్ ఇద్దరూ ఉస్మానియా ఆసుపత్రిలో చేరారు. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన మొదటి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వాళ్లే. మా ఆడబిడ్డకు ఈ సంగతి ఫోన్‌లో చదివి వినిపించాను. "ఆదిలాబాద్‌లనే చదివిందా?" అని మూడుసార్లు అడిగింది. చదువు మాట వింటే మా ఇంట్లోవాళ్లకు కొంచెం ధైర్యం వస్తుంది, ఏం చేస్తాం.

మీ ఇంట్లో, మీ వాడలో ఇట్లాంటి పిల్ల ఉంటే ఒక మాట. చూడడానికి పోండి, కాని పుండు చూపించమనొద్దు. పాత పేరుతో పిలవొద్దు. "ఇంకా మానలేదా?" అని రోజూ అడగొద్దు. అది విన్నప్పుడల్లా తనేదో తప్పు చేసినట్టు మా పిల్ల ముఖం వాడిపోయేది. నేను వారానికోసారి, ఆదివారం నాడే, స్కేలు పెట్టి కొలిచి పుస్తకంలో రాసేదాన్ని. మధ్యలో చూడనిచ్చేదాన్ని కాదు. రోజూ చూస్తే కదలనట్టే ఉంటుంది, వారానికి చూస్తే ఒక మిల్లీమీటరు కనబడుతుంది. రాత్రిళ్లు నిద్రపట్టక ఏడ్చిన రోజులున్నాయి. రెండో నెలలో రెండు రోజులు అన్నం ముట్టలేదు, మాట్లాడలేదు. అప్పుడు హైదరాబాద్‌లో ముందు చూసిన మానసిక డాక్టరుకే ఫోన్‌ చేసి మాట్లాడించాం. పుండుకు మందు ఉన్నట్టే దానికీ ఉంది, దాచుకోవలసిన పనేం లేదు.

మా అత్తగారు మూడో నెలాఖరుకు పిల్ల తలకు నూనె పెట్టింది. జుట్టు భుజాల దాకా వచ్చింది. జడ వేస్తూ "నీ తల్లిది గూడ గింతే పలుచ" అంది. పేరు పెట్టి పిలవలేదు గాని, ఆనాటి నుంచి "పోరి" అంటుంది. "పోరి తిన్నదా?" అని అడుగుతుంది. కందిపప్పు మీద మాత్రం ఆమెకు ఇప్పటికీ అనుమానమే.

పోయిన నెల 18న సర్జన్ మేడమ్ చూసి, పూడింది, ఇంక గాజుగుడ్డ అక్కర్లేదన్నారు. ఆఫీసువాళ్లు ఇంటి నుంచి పని చేయనిస్తున్నారు, వచ్చే నెల హైదరాబాద్ వెళ్తుంది. మా ఆడబిడ్డ ఈ ఐదు నెలల్లో నాలుగుసార్లు వచ్చిపోయింది, వచ్చినప్పుడల్లా జొన్నపిండి మూట తెచ్చింది. వాళ్లాయన రాలేదు, బిడ్డతో ఫోన్‌లోనూ మాట్లాడలేదు. మొన్న మాత్రం మా ఆయన ఫోన్‌కు 3,000 రూపాయలు వేసి, కింద "గాజుగుడ్డకు" అని ఒక్క మాట రాశాడు. గాజుగుడ్డ అవసరం తీరిపోయిందని మేం ఆయనకు చెప్పలేదు.